గవరమ్మ అడిగిన మాట

తన కూతురికి చెవులు వినబడవేమోనని తవిటమ్మ భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు. వేటకెళ్లిన పడవ తిరిగొస్తుందో రాదోనన్న బెంగ వాడలో ప్రతి ఆడదానికీ ఉండేదే. అందరిదీ కాబట్టి నలుగురూ తలా ఒక కొస పట్టుకుని మోస్తారు. ఈ భయం మాత్రం తవిటమ్మ ఒక్కతే మోసుకోవాలి. పైకి అనడానికి లేదు. అంటే, ఇంట్లో ఇంకో మనిషిని వేలెత్తి చూపినట్టవుతుంది.

ఆ కూతురు అమ్మడు పుట్టి ఏడో నెల నడుస్తోంది. పొద్దున్నే పిల్లను చాప మీద కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు పేర్చి, వెనకనుంచి వెళ్లి చిటిక వేసేది తవిటమ్మ. పిల్ల ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. తిరిగినప్పుడు నీడ చూసి తిరిగిందేమోనని అనుమానం. తిరగనప్పుడు ఇక అనుమానానికి కూడా చోటుండేది కాదు.

ఆ ఇంట్లో వేలెత్తి చూపకూడని మనిషి గవరమ్మ. తవిటమ్మకు ఆడపడుచు, మొగుడు అప్పలరాముడికి అక్క. ఆమెకు వినబడదు, మాట రాదు. అండమాన్‌లోని షాదీపూర్‌లో వాళ్ల రేకుల ఇంటి వెనక చేపలు కోసే అరుగుంది. పొద్దెక్కేసరికి గవరమ్మ ఆ అరుగు మీద కత్తిపీట వేసుకు కూర్చుంటే, వాడంతా దాటి వెళ్లేవాళ్లు ఒక్క క్షణం నిలబడి ఆ చేతుల్ని చూసి వెళ్లేవారు. పొలుసు గీకడం, పొట్ట చీల్చడం, ఉప్పు దట్టించడం, అంతా ఒకే ఒరవడిలో సాగిపోయేది. మాట్లాడాలంటే కత్తిపీట మడమతో తొక్కిపెట్టి, అవే చేతులు పైకెత్తేది.

చేతులతో మాట్లాడడం ఆమెకు తండ్రి దానయ్య నేర్పాడు. అలల హోరులో కేక వినబడదు గనక పడవవాళ్లకీ ఒడ్డుమీదివాళ్లకీ చేతులే మాట. వల లాగమంటే ఒక చెయ్యి, ఆగమంటే ఒక చెయ్యి, నీరు నిలకడగా ఉంది, భయం లేదు అనడానికి అరచేతిని బోర్లించి మెల్లిగా జరపడం. దానయ్య ఆ పడవ చేతుల్నే కూతురికిచ్చాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు వాటికి తలా కొన్ని కలిపారు. ముక్కు పక్కన వేలు పెడితే ఆడపిల్ల, పై పెదవి మీద పెడితే మొగపిల్లాడు. తవిటమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆ చేతులు చూసి నవ్వేది. తర్వాత అత్తతో కన్నా ఆడపడుచుతోనే ఎక్కువ మాట్లాడేది. అయిదో తరగతిలో బడి మానిపించినప్పటినుంచీ ఆమెకు నేర్చుకోవడానికి దొరికిన చదువు అదొక్కటే.

ఆ రోజు గవరమ్మ సూర చేప సగం కోసి ఆగింది. నడుం మీద చెయ్యి వేసుకుని సముద్రంకేసి చూసింది. మళ్లీ వంగి, ఆ సగం కూడా కోసి, ఉప్పు పట్టించి, గంప మీద గోనె కప్పి, కత్తిపీట కడిగి గోడకు చేర్చింది. అప్పుడు తవిటమ్మవైపు తిరిగి రెండు చేతులతో వల లాగుతున్నట్టు చూపించి, భుజాలు కుంగదీసింది. వల బరువైంది.

"ఓలత్తా, నొప్పులొచ్చీసినాయి!" అని తవిటమ్మ లోపలికి పరిగెత్తింది.

గవరమ్మకు తొలికాన్పు. పెళ్లయిన చాలా ఏళ్లకు, వాడంతా ఆశ వదిలేసుకున్నాక నిలిచిన కడుపు. మొగుడు జోగులూ, తమ్ముడు అప్పలరాముడూ ఒకే పడవలో లిటిల్ అండమాన్ వైపు సొర వేటకెళ్లి ఉన్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లూ, అమ్మడూ.

రోడ్డు మీద టాక్సీవాడు కిటికీ దించి, వాళ్లను చూసి, ముక్కు మూసుకున్నాడు. "మఛ్లీవాలీ హో? అభీ గాడీ ధోయా మైనే. దూస్రీ దేఖో." ఇప్పుడే కడిగాడట, వేరే బండి చూసుకోవాలట.

"గాడీ కడుక్కుని పసుపూ కుంకం ఎట్టుకో భయ్యా," అంది అత్త గురమ్మ. "మడుసులెందుకు నీకు, దేవుడు కూకుంటాడు అందులో."

వాడికి తెలుగు రాదు. నవ్వి పోయాడు. చివరికి బస్సెక్కి గోల్ ఘర్‌లో దిగి, కొండ మీది కాన్పుల ఆసుపత్రికి నడిచారు. నొప్పి వచ్చినప్పుడల్లా గవరమ్మ రోడ్డు పక్క నిలబడి, తగ్గాక తనే ముందు నడిచింది.

*

వాకిట్లో ఆయా, "నామ్?" అంది.

"గవరమ్మ."

"క్యా?"

"గ-వ-ర-మ్మ."

"గౌరీ అని రాయి," అని పక్కనున్న మనిషితో హిందీలో చెప్పి, ఆయా గవరమ్మ మొహంలోకి చూసింది. "తుమ్ బోలో. ముంహ్ నహీ హై క్యా?" నోరు లేదా నీకు, అని.

తవిటమ్మ చెప్పింది. అప్పుడు ఆ ఆయా మొహంలోకి ఒక జాలి వచ్చింది. అది వచ్చాక ఇక గవరమ్మవైపు చూడలేదు. ఏమడిగినా తవిటమ్మనే అడిగింది.

గురమ్మ కోడలి చెవిలో, "అదిగో, ఆ తెల్ల కోక కట్టింది గోల్ ఘర్ కన్నారావు కూతురు. తెనుగోల్ల పిల్లే. ఈల తాతలు మనకంటే ముందొచ్చినారు ఇక్కడికి," అని, ఆ నర్సుకు ఎదురెళ్లింది. "అమ్మా మాలచ్చమ్మా, మాకెవులూ నేరు, సూసుకోయే తల్లీ."

మహాలక్ష్మమ్మ చుట్టూ ఒకసారి చూసింది. ఇద్దరు నర్సులు బల్ల దగ్గర టీ తాగుతున్నారు. "మాజీ, ఉధర్ బైఠో," అని హిందీలోనే చెప్పి, వేలు బెంచీవైపు చూపించి వెళ్లిపోయింది. ఆమెను అక్కడందరూ లక్ష్మీ దీదీ అంటారు. తవిటమ్మకు కోపం రాలేదు. తన కొంగునుంచి వచ్చే ఉప్పుచేప వాసన తనకే తెలిసింది. కొంగు లోపలికి దోపుకుంది.

కాన్పు గదిలోకి వెంట వచ్చినవాళ్లను రానివ్వరు. తలుపు పైభాగాన చిన్న గాజు. అమ్మడిని అత్త చంకకిచ్చి తవిటమ్మ మునివేళ్ల మీద నిలబడి అందులోంచి చూసింది. లోపల ఇద్దరు నర్సులు గవరమ్మ మీదికి వంగి, "జోర్ లగావ్! జోర్ సే!" అని, గట్టిగా ముక్కమని, అరుస్తున్నారు. గవరమ్మ ఆ నోళ్లవైపు చూస్తోంది. చేతులెత్తి ఏదో అడిగింది. ఒక నర్సు ఆ చేతిని పట్టి మంచానికి అదిమింది. గవరమ్మ రెండోది ఎత్తింది. పెనుగులాడుతోందనుకున్నారు. కట్టుగుడ్డ తెచ్చి రెండు మణికట్లూ మంచం ఊచలకు కట్టేశారు.

తవిటమ్మ అరచేత్తో తలుపు బాదింది. "దీదీ! హాథ్ ఖోలో! అవే దాని నోరు దీదీ, నోరు కట్టీసినారు మీరు!"

మహాలక్ష్మమ్మ తలుపు కొంచెం తెరిచి, "చిల్లావ్ మత్," అని కసిరింది. తర్వాత తవిటమ్మ మొహం చూసి ఏమనుకుందో, మోచెయ్యి పట్టి లోపలికి లాగింది. కట్లు తనే విప్పింది.

తవిటమ్మ గవరమ్మ కాళ్లకెదురుగా నిలబడి వల లాగే చెయ్యి చూపింది. లాగు. ఆగు. ఇంకొంచెం ఆగు. ఇప్పుడు లాగు. నర్సు అరిచే ప్రతి అరుపునూ ఆమె చేతులకెక్కించింది. గవరమ్మ కళ్లు ఆ చేతుల మీదే నిలిచాయి. ఎండ వాలకముందే మొగపిల్లాడు పుట్టాడు.

పిల్లాడిని గుండె మీద వేయగానే గవరమ్మ అడిగింది: ఏడుస్తున్నాడా? తవిటమ్మ చెప్పేదాకా ఆగలేదు. తన అరచేతిని వాడి వీపుకు ఆనించి కళ్లు మూసుకుంది. వాడు గుక్కపట్టినప్పుడల్లా ఆమె పెదాలు విచ్చుకున్నాయి.

*

మర్నాడు పొద్దున గవరమ్మ మంచం మీద కూర్చుని గంజి తాగింది. ఒక పక్కమంచం మీద బెంగాలీ ఆమె, ఇంకో పక్క రాంచీ పిల్ల. ఇద్దరికీ గవరమ్మ తన కొడుకుని చూపించేసింది. గంజి గిన్నె దించి, తవిటమ్మ ఒళ్లోని అమ్మడిని చూపి, ముక్కు పక్కన వేలు పెట్టి, ముందుకు చెయ్యి ఊపింది. ఇక ముందు ఇలాంటి ఆడపిల్ల ఒకతి.

"ముందు వీణ్ణి పెంచు," అని తవిటమ్మ చేత్తో అని నవ్వింది. గవరమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

అప్పుడు డాక్టరమ్మ వచ్చింది. ఉత్తరాదినుంచి వచ్చిన మనిషి. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లాడి గుండె విని, బాగున్నాడంది. తల్లిని చూసి, తవిటమ్మనే అడిగింది. "గూంగీ? జనమ్ సే?"

మూగదా, పుట్టుకతోనేనా, అని. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి తవిటమ్మ విన్నదీ అదే. అయినా ఒకసారి అత్తవైపు చూసింది.

"పుట్టుకతోనే అని సెప్పు," అంది గురమ్మ, నేలచూపులు చూస్తూ.

"జీ మేడమ్. జనమ్ సే."

డాక్టరమ్మ అమ్మడిని చూసింది. "ఈ పాప ఎవరిది? నీదా? ఈ మూగదాని తమ్ముడేనా నీ ఘర్‌వాలా?" ఆపైన మామూలుగా, జ్వరముందా అని అడిగినట్టుగా, "ఈ పాపకు వినబడుతోందా?" అంది.

ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. తవిటమ్మ "మాలూమ్ నహీ మేడమ్" అనబోయి, మాట మధ్యలోనే ఏడ్చేసింది.

"అరే, రోతీ క్యోఁ హై?" డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. మద్రాసునుంచి చెవుల డాక్టరు వచ్చాడని, రేపొక్కరోజే ఉంటాడని, చీటీ లేకపోతే లోపలికి పంపరని, తను పంపిస్తానని చెప్పింది. తవిటమ్మ వంగి ఆమె కాళ్లు ముట్టుకోబోయింది. డాక్టరమ్మ వెనక్కి జరిగి, అదే గొంతుతో గవరమ్మ సంగతి ఎత్తింది.

ఇది నెత్తుట్లో ఉండే జబ్బు. మొగపిల్లాడు పుట్టాడు, చాలు. ఇంకో నలుగుర్ని కంటే నలుగురూ ఇలాంటివాళ్లే అవుతారు, ఎవరు సాకుతారు? రేపు పొద్దున్నే మళ్లీ కడుపు రాకుండా నస్ కట్టేస్తాం, చిన్న పని. "నువ్వు పఢీలిఖీదానిలా ఉన్నావు. దానికి నచ్చచెప్పు."

చదువుకున్నదానివని తవిటమ్మను అంతకుముందెవరూ అనలేదు. "ఆమె ఆద్మీ సముద్రం మీదున్నాడు మేడమ్. ఆయనొచ్చాక..."

"కబ్ ఆయేగా?"

"సముద్రం కదా..."

"అయితే సముద్రాన్ని అడిగి ఆపరేషన్ పెట్టుకోనా?" అంది డాక్టరమ్మ. వెనక ఉన్న నర్సులు నవ్వారు. రాంచీ పిల్ల కూడా నవ్వింది. మహాలక్ష్మమ్మ దుప్పటి మడతపెడుతూ తల ఎత్తలేదు.

గవరమ్మ అందరి నోళ్లవైపూ మార్చి మార్చి చూస్తోంది. నవ్వు చూసి తనూ కొంచెం నవ్వి, ఏమిటి అని తవిటమ్మను చేత్తో అడిగింది.

"అత్తా, ఏటి సెయ్యమంటావు?"

"నన్నడుగుతావేటే. డాకటేరు సెప్పినాక మనమేటంటాం," అంది గురమ్మ. "నాలుగు కన్నోల్లు ఏటి బావుకున్నారు."

తవిటమ్మ "హాఁ మేడమ్" అంది. అమ్మడి కోసం అందో గవరమ్మ మంచికే అందో అప్పుడామెకు తెలియలేదు. రెండూ ఒకటేనని సర్దిచెప్పుకుంది. పైగా కట్టడమే కదా అనుకుంది. చిన్నప్పటినుంచీ వలలు అల్లిన చెయ్యి తనది. ముడి అన్నాక విప్పుకోవడానికి ఎక్కడో ఒక దారి ఉండే ఉంటుంది.

కాగితం తెచ్చి గవరమ్మ బొటనవేలికి సిరా రాశారు. కొడుకు పేరు రాయించుకుంటున్నారనుకుంది గవరమ్మ. ఎక్కడ నొక్కమంటే అక్కడ గట్టిగా, ఇష్టంగా నొక్కింది. వేలికి మిగిలిన సిరాతో పిల్లాడి అరికాల్లో దిష్టిచుక్క పెట్టింది.

*

మర్నాడు బల్లబండి తోసుకొచ్చినప్పుడు గవరమ్మ ఎక్కలేదు. మంచం ఊచ పట్టుకుని తవిటమ్మవైపు చూసింది. ఎక్కడికి?

తవిటమ్మ అరచెయ్యి బోర్లించి గాలిలో మెల్లిగా జరిపింది. నీరు నిలకడగా ఉంది, భయం లేదు.

ఆ ఇంట్లో ఆ చేతికి ఎదురు లేదు. ఆ చెయ్యి చూశాక ఆడా మగా పడవ నీళ్లలోకి తోసేవాళ్లు. గవరమ్మ ఊచ వదిలి, బల్లబండి మీద పడుకుని, పిల్లాడిని చూస్తూ ఉండమని తల్లికి సైగ చేసి వెళ్లింది.

పది దాటాక చెవుల డాక్టరు పిలిపించాడు. ముసలాయన, తెల్ల మీసాలు. అమ్మడిని తవిటమ్మ ఒళ్లోనే కూర్చోబెట్టి, ముందు ఒక నర్సు చేత ఎర్రగుడ్డ ఆడించి, వెనకనుంచి చిన్న గంట కొట్టాడు. అమ్మడు తిరిగింది. రెండోవైపు కొట్టాడు. అటు తిరిగింది. గంట ఆపి, మెల్లిగా గిలక్కాయ ఊపాడు. పిల్ల ఎర్రగుడ్డను వదిలేసి మెడ సాచి గిలక్కాయను వెతికింది. ఆయన అరవంలో ఏదో అని నవ్వి, హిందీలో చెప్పాడు. "కాన్ బిల్కుల్ ఠీక్ హై. నీకంటే దీనికే బాగా వినబడుతోంది. పో, అనుమానం పెట్టుకోకు."

తవిటమ్మ బయటికొచ్చి, వరండాలో కుళాయి దగ్గర గోడకు జారబడి కూర్చుంది. గురమ్మ పిల్లాడిని భుజాన వేసుకుని అక్కడే తిరుగుతోంది.

"ఇనబడతాదంటన్నాడత్తా! రెండు సెవులూ బాగున్నాయంటన్నాడు!"

గురమ్మ కూలబడి, అమ్మడి చెవులు రెండూ ముద్దాడింది. ఆనందం పట్టలేక మాట జారింది. "నాను సెప్పనేదేటి! మన నెత్తుట్లో సెవుడెక్కడున్నాదే! మా అటూ నేదు, మీ మావ అటూ నేదు."

తవిటమ్మ నవ్వు ఆగింది. "మరి వొదినకో?"

"దానికేటి. రెండేల్లు దాటీదాకా గలగలా మాటాడీది. ఆల నాయన పడవ దిగితే ఒడ్డుకాడికి లగెత్తుకెల్లి ‘సేపా సేపా’ అని అరిసీది. అమ్మోరొచ్చినాది ఊళ్లో. మూడు రాత్రులు కాగిపోనాది ఒళ్లు. లేచినాక..." గురమ్మ చప్పున నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, రెండు చెంపలూ వాయించుకుంది. "తప్పు తల్లీ, తప్పు."

"అత్తా! నిన్న డాక్టరమ్మ అడిగితే పుట్టుకతోనే అని సెప్పమన్నావు!"

"మరేటి సెప్పాలే? అమ్మోరు తీసికెల్లిందాన్ని తీసికెల్లిందని అనకూడదు. అంటే తల్లిని తప్పట్టినట్టు. అప్పుడే నేదనుకోవాలి, ఎప్పుడూ నేదనుకోవాలి. మా అప్పలరాముడు అప్పటికి పుట్టనేదు, ఆడికీ సెప్పనేదు నాను. ఇన్నేల్లూ పొల్లు పోకండా దాసినాను." ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయినా సెవుడెలాగొస్తే డాకటేరుకేటే?"

తవిటమ్మ అమ్మడిని అత్త పక్కన నేల మీద కూర్చోబెట్టి లేచింది. ఆపరేషను గది వైపు ఎంత వేగంగా నడిచిందంటే, ఎదురొచ్చిన ఆయా పక్కకు తప్పుకుంది. తలుపు తెరిచే ఉంది. లోపల నేల తుడుస్తున్నారు.

మహాలక్ష్మమ్మ చేతులు కడుక్కుంటోంది.

"దీదీ, ఆపమని చెప్పండి. అది నెత్తుట్లో జబ్బు కాదు. అమ్మోరొచ్చి పోయింది చెవి. నేను తప్పు చెప్పినాను."

"పొద్దున్నే అయిపోయింది," అంది మహాలక్ష్మమ్మ. మొదటిసారి తెలుగులో అంది. ఆమె తెలుగు శుభ్రంగా ఉంది, కొంచెం పాతగా ఉంది.

"అయితే విప్పేయండి దీదీ. కట్టిందే కదా."

మహాలక్ష్మమ్మ తుండుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. "విప్పే ముడి కాదు చెల్లీ. మధ్యలో కోసేసి రెండు కొసలూ కట్టేస్తారు." తుండు మేకుకు తగిలించి, "నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మీ తెలుగులో మీ అత్తనొకసారి నేనడిగి ఉంటే..." అంది. ఇంతలో ఎవరో "లక్ష్మీ దీదీ" అని పిలిచారు. "ఆయీ," అని హిందీలో పలికి వెళ్లిపోయింది.

*

గవరమ్మ మత్తు దిగి, పొట్ట మీద కట్టు తడిమి చూసుకుంది. పిల్లాడు పుట్టిన చోటు ఆమెకు తెలుసు. మరి ఇక్కడ కోతెందుకు? చీర పక్కకు తీసి తవిటమ్మకు చూపించి, ఏమిటిది అని అడిగింది.

తవిటమ్మ నీళ్ల చెంబు అందుకుని నీళ్లు తేవడానికి వెళ్లింది. తెచ్చాక గవరమ్మ మళ్లీ అడిగింది. తవిటమ్మ దుప్పటి సర్దింది.

గవరమ్మ అటు తిరిగి బెంగాలీ ఆమె పొట్టవైపు వేలు చూపింది. ఆమెకూ సరిగ్గా అక్కడే కట్టు. ఆమె మంచి మనిషి. మూగది కదా, దీంతో ఎలా మాట్లాడాలి అని ఎవర్నీ అడగలేదు. నాలుగు వేళ్లు చూపించి, నాలుగు ఎత్తుల పిల్లల్ని గాలిలో చూపించి, ఆ వేళ్లన్నీ గుప్పిట ముడిచి, ఆ గుప్పిటను రెండో చేత్తో కోసినట్టు కోసి, దులిపేసుకుంది. అయిపోయింది, ఇక లేదు. సంతోషంగా నవ్వింది కూడా.

గవరమ్మ ఆ గుప్పిట చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన పక్కలోని కొడుకుని చూసింది. వాడొక్కడు. నెమ్మదిగా తవిటమ్మవైపు తిరిగింది. ముక్కు పక్కన వేలు పెట్టింది. ఆ వేలు తీసి, అరచెయ్యి వెల్లకిలా చాపి, అలాగే ఉంచింది. ఆడపిల్ల?

లోకంలో ఆ చేతికి జవాబివ్వగలిగినవాళ్లు నలుగురు. ఇద్దరు సముద్రం మీదున్నారు. గురమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. తవిటమ్మ చుట్టూ చూసింది. అమ్మడు చాప మీద ఆడుకుంటోంది, ఏడవడం లేదు. తవిటమ్మ వంగి పిల్లను ఎత్తుకుంది. రెండు చేతులతోనూ ఎత్తుకుంది. ఆడుకునే పిల్లను గుండెకు అదుముకుని, జోకొడుతూ, చేతులు ఖాళీ లేనిదానిలా నిలబడింది.

గవరమ్మ చాపిన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. పిల్లను దించితే ఏం చెప్పాలో తవిటమ్మకు తెలుసు. అందుకే దించలేదు. చివరికి ఆ అరచెయ్యి దానంతటదే ముడుచుకుని దుప్పటి కిందికి వెళ్లింది.

ఆ మరుసటి పొద్దున పడవ వచ్చింది. జోగులు ఉప్పునీళ్ల చొక్కాతోనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. కొడుకుని చూసి, పై పెదవి మీద వేలు పెట్టి, గాలిలో మీసం మెలేసి, వార్డులో అందరికీ నవ్వు తెప్పించాడు. పెళ్లాం ముందు గొంతుక్కూర్చుని చేతులతో ఏమేమో చెప్పాడు: ఎంత పెద్ద సొర దొరికిందో, తాడెలా తెగిందో, కలలో కొడుకెలా కనబడ్డాడో. గవరమ్మ చూసింది. చేతులు మాత్రం దుప్పటి కిందినుంచి తియ్యలేదు.

జోగులు కాసేపు చూసి, లేచి వచ్చి, "అమ్మా తవిటీ, ఏటైనాది దీనికి? మాటాడదేటి?" అన్నాడు.

మూగదాన్ని పట్టుకుని మాట్లాడదేమని అడుగుతున్నాడని ఎవరో చెప్పగా, రాంచీ పిల్ల మూతికి చెంగు అడ్డుపెట్టుకుంది.

"నీరసంగా ఉన్నాదన్నా," అంది తవిటమ్మ.

"నీరసమా? జొరమొచ్చి పడుకున్నప్పుడు కూడా నన్ను తిట్టీది ఈ చేతుల్తో."

"పచ్చి బాలింత కదన్నా. సర్దుకుంటాది."

ఇంటికొచ్చాక గవరమ్మ అన్ని పనులూ చేసింది. పిల్లాడికి నలుగు పెట్టింది, పాలిచ్చింది, నడుం గట్టిపడ్డాక కత్తిపీట ముందు కూర్చుంది. చేపలు అంత వేగంగానూ కోసింది. మాట్లాడడానికి మాత్రం చెయ్యెత్తలేదు. తవిటమ్మ ఎదురెళ్లి తనే చేతులెత్తితే, అవి కదలడం మొదలుపెట్టేలోపే చూపు దించేసుకునేది. పుట్టుకతో కాదు, అమ్మోరు తీసుకెళ్లినప్పుడూ కాదు, గవరమ్మ మూగదైంది ఇప్పుడు.

పురుడు వెళ్లాక జోగులు పెళ్లాన్నీ కొడుకునీ తీసుకుని లిటిల్ అండమాన్‌లోని హట్ బే వెళ్లిపోయాడు. అక్కడ చేప బాగా పడుతోందని చెప్పాడు. జోగులుకు తెలుసో లేదో తవిటమ్మకు తెలియదు. ఓడ కదిలినప్పుడు జెట్టీ మీదనుంచి తవిటమ్మ చెయ్యి ఎత్తింది కానీ, ఏ మాట చెప్పాలో తోచక దించేసింది.

అటునుంచి వచ్చే చేపలవాళ్లు చెబుతుంటారు. గవరమ్మ నెలకోసారి అక్కడి ఆసుపత్రికి వెళ్తుందట. వరసలో నిలబడుతుందట. తన వంతు రాగానే ముక్కు పక్కన వేలు పెట్టి, అరచెయ్యి చాపి, జవాబు కోసం చూస్తుందట. ముక్కునొప్పి అనుకుని అక్కడివాళ్లు ఏదో మాత్ర ఆ చేతిలో పెట్టి పంపేస్తారట. తవిటమ్మకు ఓడెక్కే ధైర్యం ఇంకా రాలేదు.

మీలో ఎవరైనా హట్ బే వెళ్తే, జెట్టీ పక్క చేపలు ఎండబెట్టే చోట జోగులు పెళ్లాం ఎవరని అడగండి. ఆరోగ్యంగా ఉందో లేదో చూడండి. ఆమె మీకు చెయ్యి చాపితే చూపు తిప్పుకోకండి. ఆమె అడుగుతున్నదేమిటో ఇప్పుడు మీకు తెలుసు. చూసి వచ్చి, ఎలా ఉందో షాదీపూర్‌లో తవిటమ్మకు ఒక్క మాట చెప్పండి.